డిమెన్షియాతో ఉన్న భార్యకు, భర్తకు కానుక ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పెళ్లిరోజు దగ్గరపడుతున్నప్పుడో, పండుగకు బట్టలు తీయవలసి వచ్చినప్పుడో డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బుతో) ఉన్న భార్యను లేదా భర్తను చూసుకుంటున్న పాఠకులు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. "ఏం తెస్తే ఆవిడకు సంతోషం కలుగుతుంది? ఏం కొన్నా ఆయన పక్కన పడేస్తున్నారు, ఇక కొనడం మానెయ్యాలా?" మానెయ్యనక్కరలేదు. ఎంపిక చేసే పద్ధతి మార్చుకుంటే చాలు.

ముందుగా ఒక్క విషయం స్థిరం చేసుకోవాలి. కానుకను గుర్తుపట్టారా, ఎవరిచ్చారో చెప్పగలిగారా, మర్నాటికి జ్ఞాపకం ఉందా అన్నవాటితో దాని విలువను కొలవకూడదు. చేతిలోకి తీసుకున్న తరువాత ఒక అరగంటసేపు వారి ముఖంలో, చేతుల్లో, మాటలో ఏం మార్పు వచ్చిందో చూడాలి. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఆ అరగంటను దృష్టిలో పెట్టుకుని రాసినదే.

## 1. కొనేముందు వారం రోజులు గమనించండి

దుకాణానికి వెళ్లడం చివరి పని. కానుక ఇవ్వవలసిన రోజుకు కనీసం మూడు వారాల ముందు ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, వారం రోజులపాటు మీ కంటపడినవన్నీ అందులో రాసుకోండి.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం తొలిదశలోనే దెబ్బతింటుంది. అందుకే ఉదయం తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని, ఏళ్ల తరబడి చేసిన పనిని చేతులు ఇంకా చేయగలుగుతాయి. అలవాటైన పనుల నేర్పు మెదడులోని వేరే భాగాల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి అది చాలాకాలం నిలుస్తుంది. మీరు వెతకవలసింది ఆ మిగిలి ఉన్న నేర్పును.

నోటుపుస్తకంలో రాసుకోవలసినవి:

- చేతులు ఊరికే ఉన్నప్పుడు ఏం చేస్తున్నాయి? కొంగు మడతపెడుతున్నారా, బల్లను తుడుస్తున్నారా, నోట్లు లెక్కపెడుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నారా?
- ఏ ఊరి పేరు, ఎవరి పేరు, ఏ పని పేరు ఎక్కువసార్లు నోట వస్తోంది?
- రోజులో ఏ వేళ ప్రశాంతంగా ఉంటున్నారు? ఏ వేళకు చికాకు మొదలవుతోంది?
- ఏ శబ్దం, ఏ వెలుతురు, ఎవరి రాక భయపెడుతోంది?
- ఇంట్లో ఏ వస్తువును తనంతట తానుగా చేతిలోకి తీసుకుంటున్నారు?

దీనితోపాటు, మీ భాగస్వామికి 15 నుంచి 30 ఏళ్ల వయసున్న కాలం గురించి ఒక పేజీ రాయండి: చదువుకున్న బడి, మొదటి ఉద్యోగం, అద్దె ఇల్లు, విన్న పాటలు, ఇష్టమైన వంట, వేసుకున్న పౌడరు, తిరిగిన సైకిలు. ఆ వయసు నాటి జ్ఞాపకాలు పెద్దవాళ్లలో ఎక్కువ గట్టిగా ఉంటాయి. పెళ్లికి ముందు సంగతులు మీకు తెలియకపోతే వారి తోబుట్టువులను అడగండి. భార్య చిన్ననాటి ఇష్టాలు భర్తకు తెలియని ఇళ్లు చాలానే ఉన్నాయి, అందులో సంకోచపడవలసింది ఏమీ లేదు.

## 2. కళ్లు, చెవులు, మింగుడు: ముందు ఇవి చూపించండి

చెవిలో గులిమి గడ్డకట్టి ఉంటే ఎంత మంచి పాటైనా వినపడదు. కంట్లో శుక్లాలుంటే ఆల్బమ్ వృథా అవుతుంది. కాబట్టి కళ్లద్దాల నంబరు, వినికిడి యంత్రం బ్యాటరీ, కట్టుడు పళ్ల బిగువు, మింగేటప్పుడు దగ్గు వస్తోందా లేదా అన్నవి కానుక కొనక ముందే సరిచూసుకోవాలి.

ఏ రకం డిమెన్షియా అన్నది కూడా వైద్యుని అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఎంపిక దానిని బట్టి మారుతుంది.

- లూయీ బాడీ రకం: లేనివి కనిపించడం ఇందులో సాధారణం. చిన్న చిన్న పువ్వుల అచ్చు ఉన్న దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని భయపడవచ్చు. నిలువుటద్దాలు, ముఖాల బొమ్మలున్న తెరలు ఇవ్వకండి.
- ఫ్రంటోటెంపోరల్ రకం: తీపి మీద అదుపులేని కోరిక, కొందరిలో తినరానివి నోట్లో పెట్టుకోవడం ఉంటాయి. మిఠాయి డబ్బాలు, చిన్న వస్తువులు ప్రమాదం.
- వాస్క్యులర్ రకం (మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది): పక్షవాతం వల్ల ఒక చెయ్యి బలహీనమై ఉంటే, ఒంటిచేత్తో వాడగలిగిన వస్తువే ఎంచుకోండి.
- అల్జీమర్స్: వాసన గుర్తించే శక్తి తొలిదశలోనే తగ్గవచ్చు. సెంటు సీసా మీద ఆశలు పెట్టుకునే ముందు, ఇంట్లో ఉన్న మల్లెపూలకో సాంబ్రాణికో స్పందిస్తున్నారేమో పరీక్షించండి.

సలహా ఎవరినడగాలో తెలియకపోతే, వయోవృద్ధుల కోసం దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. దానికి రుసుము లేదు.

## 3. దశను బట్టి హద్దులు గీసుకోండి

తొలిదశలో మనిషికి తన పరిస్థితి తెలుస్తుంది. ఆ సమయంలో పిల్లల ఆటవస్తువుల్లాంటివి తెస్తే అవమానంగా ఉంటుంది. అప్పుడు ఇవ్వదగినవి కలిసి చేసే పనులు: ఇష్టమైన గుడికో, పుట్టిన ఊరికో ప్రయాణం, వారి గొంతుతో వారి కథ రికార్డు చేయడం, వంటల కొలతలు ఒక పుస్తకంలోకి ఎక్కించడం. వీటిని వాయిదా వేయకండి. ఇంకో ఏడాది ఆగితే ప్రయాణమే భారం కావచ్చు, మాట తడబడవచ్చు.

మధ్యదశలో చేతులకు పని, చెవులకు పాట, ఒంటికి హాయి ఇచ్చేవి కావాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఈ దశ గురించే. చివరిదశలో స్పర్శ, స్వరం మిగులుతాయి. దాని సంగతి 11వ మెట్టులో చూద్దాం.

## 4. చేతులకు పని ఇచ్చే కానుకలు

అన్నింటిలోకి ఎక్కువ ఫలితమిచ్చేవి ఇవే, అంగళ్లలో సిద్ధంగా దొరకనివీ ఇవే.

నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దాయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రమయ్యేసరికి "డ్యూటీకి టైమైంది" అంటూ గుమ్మం దగ్గరకు వెళ్లేవారు. ఆయన భార్య ఒక పాత తోలు సంచి సంపాదించి, నాలుగు రంగుల కాగితాలను టికెట్ల సైజులో కత్తిరించి, ఒక్కో రంగును ఒక్కో కట్టగా రబ్బరు బ్యాండు వేసి అందులో పెట్టారు. ఒక చెక్క పలకకు నాలుగు అరలు చేయించారు. పుట్టినరోజునాడు సంచి భుజాన తగిలించగానే ఆయన కట్టలు విప్పి, బొటనవేలితో అంచు తిప్పి లెక్కచూసి, రంగులవారీగా అరల్లో సర్దడం మొదలుపెట్టారు. అప్పటినుంచి అవే కట్టలను రాత్రి ఆవిడ కలిపేస్తారు, సాయంత్రం ఆయన మళ్లీ సర్దుతారు. గుమ్మం వైపు వెళ్లడం పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గింది. నాణేలు మాత్రం ఆవిడ పెట్టలేదు, నోట్లో వేసుకుంటారేమోనన్న జాగ్రత్తతో. ఆ జాగ్రత్త సరైనది.

మీ ఇంట్లో ఇలాంటి పెట్టె తయారుచేయడానికి క్రమం ఇది:

1. నోటుపుస్తకం నుంచి ఒక్క పనినే ఎంచుకోండి. టీచరుగా చేసినవారికి పెద్ద అక్షరాల కాగితాలు, ఎర్ర పెన్సిల్. బట్టల కొట్టు నడిపినవారికి జాకెట్టు ముక్కల కట్ట, కొలబద్ద టేపు. ఇంటిపనిలో ఆరితేరినవారికి వత్తుల దూది, చేటలో చిక్కుడుకాయలు, మడతపెట్టడానికి తువ్వాళ్లు.
2. ఆ పనిలోని ఒకటి రెండు కదలికలనే తీసుకోండి. ఏరడం, సర్దడం, మడవడం, చుట్టడం వంటివి. మొదలు, మధ్య, చివర ఉన్న పెద్ద పని పెడితే మధ్యలో దారితప్పి చికాకు పడతారు.
3. తప్పు జరిగే వీలు లేకుండా చూడండి. ఎలా సర్దినా సరే అన్నట్టు ఉండాలి.
4. మూత సులువుగా తెరుచుకునే, లోపల ఏముందో కనిపించే పెట్టెలో పెట్టండి.
5. మీరు పక్కన కూర్చుని ముందు మీరే చేయడం మొదలుపెట్టండి. "చెయ్యి" అని చెప్పడం కంటే చేస్తూ చూపడం తేలిక.

పూలు కట్టడం తెలిసినవారికి వారానికోసారి పావుకిలో కనకాంబరాలో, విడి మల్లెమొగ్గలో తెచ్చిపెట్టడం గొప్ప కానుక. దండ వదులుగా వచ్చినా దాన్నే దేవుడి పటానికి వేయండి. వారి ఎదుటే విప్పి మళ్లీ కట్టకండి.

వేళ్లు ఆడించుకోవడానికి ఇచ్చే చేతిగుడ్డను కుట్టే విధానం. వేళ్లు నిలకడగా ఉండక చీర పోగులు లాగేవారికి, బటన్లు పీకేవారికి ఇది పనికొస్తుంది.

- అడుగుభాగానికి మెత్తబడ్డ పాత నూలుచీరనో లుంగీనో రెండు పొరలుగా, సుమారు 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పుతో తీసుకోండి.
- దానిమీద చీర అంచు ముక్క, చొక్కా జేబు, ఆ జేబులో ఒక మూల కుట్టేసిన చేతిరుమాలు, లాగితే గుచ్చుకోని ప్లాస్టిక్ జిప్, మూడు నాలుగు పెద్ద బటన్లు అమర్చండి.
- గరుకు జరీ వద్దు, చర్మం గీరుకుపోతుంది. నాడాలు ఆరు అంగుళాలు మించకూడదు, వేళ్లకు చుట్టుకుంటాయి.
- ప్రతి బటన్‌నూ గట్టి దారంతో నాలుగైదుసార్లు కుట్టి, మీ బలమంతా ఉపయోగించి లాగి చూడండి. వారానికోసారి ఉతికినప్పుడు మళ్లీ లాగి చూడండి.

## 5. పాటల కానుక

మాటలు మరిచినవారు కూడా పాట అందుకోవడం చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. సంగీత జ్ఞాపకం మిగతావాటికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే ఏ పాటలు అన్నది ముఖ్యం. పుట్టిన సంవత్సరానికి 15 కలిపి, అక్కడినుంచి ఒక పదిహేనేళ్లు చూడండి. 1950లో పుట్టినవారికి 1965 నుంచి 1980 వరకు వచ్చినవి. ఆ కాలపు సినిమా పాటలు, తెల్లవారుజామున రేడియోలో భక్తిరంజని విన్న ఇళ్లవారికి ఆ తరహా గీతాలు, పొలం పనుల్లో పెరిగినవారికి నాట్ల పాటలు, కలుపు పాటలు, తెలంగాణలో బతుకమ్మ పాటలు. క్రైస్తవ కుటుంబాలవారికి చర్చిలో పాడుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు.

- 25 పాటలు చాలు. ఎక్కువైతే ఇష్టంలేనివి దూరుతాయి.
- ఫోనులో ఇంటర్నెట్ ద్వారా వినిపిస్తే మధ్యలో ప్రకటనలు పెద్ద శబ్దంతో వచ్చి బెదరగొడతాయి. పెన్‌డ్రైవ్‌లో నింపి స్పీకరుకు పెట్టండి.
- నొక్కడానికి ఒకటే పెద్ద బటన్ ఉన్న పెట్టె అయితే మంచిది. మిగతా బటన్ల మీద నల్ల టేపు అంటించండి.
- చెవులకు తగిలించే హెడ్‌ఫోన్లు చాలామందికి నచ్చవు, పీకి పారేస్తారు.
- ఏ పాటకైనా కంటతడి వస్తే వెంటనే ఆపనక్కరలేదు, చెయ్యి పట్టుకుని చూడండి. వణుకు, భయం కనిపిస్తే మాత్రం ఆపి, ఆ పాటను తీసేయండి.

## 6. ఫొటోల పుస్తకం

పెళ్లి ఆల్బమ్ మొత్తం ముందుంచితే ముఖాల గుంపులో ఏమీ తెలియక పక్కన పెడతారు. కొత్తగా ఒక చిన్న పుస్తకం చేయండి.

1. 12 నుంచి 15 ఫొటోలు మాత్రమే తీసుకోండి. ఒక్కో దానిలో ఇద్దరు ముగ్గురికి మించి మనుషులు ఉండకూడదు.
2. పేజీకి ఒకటే ఫొటో. పెద్దది చేయించి, మెరుపులేని కాగితం మీద అచ్చు వేయించండి. నిగనిగలాడే కాగితం మీద వెలుతురు పడితే వారికి బొమ్మ కనపడదు.
3. కింద పెద్ద అక్షరాలతో ఒక పూర్తి వాక్యం రాయండి: "కాకినాడ ఇంటి అరుగు మీద మీ నాన్నగారు, నువ్వు."
4. వారి చిన్నతనం, యవ్వనం నాటివి ముందు పెట్టండి. ఇప్పటి మనవల ఫొటోలు చివర రెండు చాలు.
5. పక్కన కూర్చుని మీరే చదివి చెప్పండి. "ఇదెవరో చెప్పు చూద్దాం" అనడం పరీక్ష పెట్టడమే. అలా రెండుసార్లు జరిగితే పుస్తకం ముట్టుకోవడం మానేస్తారు.

గతించిన తల్లిదండ్రుల ఫొటో చూసి "అమ్మ ఎక్కడుంది?" అని అడగడం మామూలే. చనిపోయారని ప్రతిసారీ చెబితే ప్రతిసారీ కొత్తగా విన్నట్టే దుఃఖం వస్తుంది. "అమ్మ చేతి గోంగూర పచ్చడి నీకెంత ఇష్టమో" అంటూ అమ్మ గురించే మాట్లాడండి. దుఃఖం తగ్గకపోతే ఆ పేజీ తీసి దాచండి.

## 7. బట్టలు, నిత్యం వాడే వస్తువులు

పండుగకు చీర పెట్టడం, పంచె పెట్టడం మన ఇళ్లలో వదులుకోలేని ఆచారం. వదులుకోవద్దు కూడా. వస్తువు అదే, అమరిక మారాలి.

చీర అలవాటైనవారికి మెత్తని మంగళగిరి నూలో, వెంకటగిరి నూలో బరువులేనిది తీసుకోండి. అంచు రంగు స్పష్టంగా వేరుగా ఉంటే కుచ్చిళ్లు పోసేటప్పుడు అంచు తెలుస్తుంది. ముడి జారి కాలికింద పడే ప్రమాదం ఉంటే ముందే కుచ్చిళ్లు కుట్టించి, నడుముకు వెల్క్రో పెట్టించండి. జాకెట్టుకు ముందువైపు హుక్కుల బదులు కూడా వెల్క్రో వేయించవచ్చు. మగవారికి వెల్క్రో పంచెలు రెడీమేడ్‌గానే దొరుకుతున్నాయి. ఒక్కో రకం రెండేసి కొనండి. నచ్చిన చీరను విప్పనివ్వని రోజులు వస్తాయి, అప్పుడు అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉండటం ఎంత ఉపయోగమో మీకే తెలుస్తుంది.

బంగారం విషయంలో ఖచ్చితంగా చెబుతాను: కొత్త నగ కొనకండి. ఎక్కడో దాచి మరిచిపోవడం, ఆపైన పనిమనిషినో కోడలినో అనుమానించడం ఈ జబ్బులో తరచుగా జరిగేవే. ఇచ్చి తీరాలనిపిస్తే అలవాటైన నగలాగే, అదే తూకంగా అనిపించే గిల్టు నగ చేయించండి. మంగళసూత్రం, గాజులు వంటి ఒంటిమీదవాటిని మాత్రం తీయించవద్దు. చెయ్యి వాటిని తడుముకోవడంలో ఒక నెమ్మది ఉంటుంది.

ఇంకొన్ని:

- ఫోన్ నంబరు చెక్కిన కడియం లేదా లాకెట్. దారితప్పినప్పుడు ఆదుకుంటుంది. సులువుగా ఊడని కొక్కెం పెట్టించండి.
- ముదురు రంగు కంచం. తెల్ల ప్లేటులో పెరుగన్నం వారి కంటికి ఆనదు, స్టీలు కంచం మీద వెలుగు తళుక్కుమంటుంది. అంచు ఎత్తుగా ఉన్నది చూడండి.
- రోజుకో కాగితం చింపే క్యాలెండరు. చింపే పని వారికే అప్పగించండి. ఆ కాగితం మీది అక్షరాలు పోల్చుకోలేనివారికి పెద్ద తెల్లబోర్డు మీద "ఈ రోజు శుక్రవారం, ఉదయం" అని మీరే రాయండి.
- జారని అడుగున్న, మడమ మూసిన చెప్పులు. పాత చెప్పుల రంగులోనే ఉంటే "ఇవి నావి కావు" అన్న గొడవ తక్కువ.
- కాళ్లు తుడుచుకునే పట్టా నల్లనిది వద్దు. నేలలో గొయ్యిలా కనిపించి అడుగు వేయడానికి జంకుతారు.

## 8. తినేవి

ఇష్టమైన తీపి ఒక్క పూటకు సరిపడా మాత్రమే ఇవ్వండి, డబ్బాడు చేతికివ్వకండి. తిన్నామన్న సంగతి మరిచి మళ్లీ మళ్లీ తింటారు, మధుమేహం ఉంటే అపాయం. మింగుడు కష్టమైనవారికి సున్నుండలు, పూతరేకులు, అటుకుల మిక్చరు వంటి పొడిపొడిగా రాలేవి గొంతులో అడ్డుపడతాయి. చిక్కగా ఉడికిన పాయసం, మెత్తని బొబ్బట్టు చిన్న ముక్కలుగా పాలలో నానబెట్టినది వంటివి నయం గాని, వైద్యుని అడిగాకే పెట్టండి.

## 9. ఇచ్చే పద్ధతి

మంచి వస్తువు కూడా ఇవ్వడంలో చెడిపోవచ్చు. చాలామందిలో పొద్దువాలే వేళకు కంగారు పెరుగుతుంది, కాబట్టి సాయంత్రం కేకు కోసి, అందరూ చప్పట్లు కొట్టే మధ్య కానుక ఇవ్వడం సరికాదు. స్నానం, టిఫిను అయ్యాక పది, పదకొండు గంటల మధ్య ఇవ్వండి.

- టీవీ ఆపండి. గదిలో మీరిద్దరూ, ఉంటే ఇంకొక్కరు.
- ఒక్కసారికి ఒక్కటే వస్తువు. మిగతావి రోజుకొకటి.
- రంగుకాగితం, సెలోటేపు చుట్టకండి. నోరు తెరిచిన గుడ్డసంచిలో పెట్టండి.
- ఎదురుగా, వారి కంటి ఎత్తులో కూర్చోండి.
- చిన్న మాటలు, మధ్యలో విరామం: "ఇదిగోండి, మీ కోసం తెచ్చాను. పట్టుకుని చూడండి. మెత్తగా ఉంది కదూ."
- "ఇవాళ ఏం రోజో గుర్తుందా?" అని అడగవద్దు. "ఇవాళ మన పెళ్లిరోజు" అని మీరే చెప్పండి.

మిమ్మల్నే గుర్తించని రోజు కూడా రావచ్చు. "మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు, మీరెవరండీ?" అని భార్య అడిగితే గుండె చివుక్కుమంటుంది. అప్పుడు "నేనే మీ ఆయన్ని" అని పట్టుబట్టడం ఆవిడను మరింత భయపెడుతుంది. "నువ్వు" అనే చనువు కూడా ఆ క్షణంలో ఆవిడకు పరాయివాడి చొరవలా తోచవచ్చు. కాసేపు "మీరు" అనండి, లేదా ఎవరినీ సంబోధించకుండా "చీర రంగు ఎంత బాగుందో, సంపెంగ రంగు" అని వస్తువు గురించే మాట్లాడండి. మీ ఆయన పంపారని చెప్పినా అందులో అబద్ధం లేదు. చీరను ఒళ్లో పెట్టి పక్కకు జరగండి. పది నిమిషాలకు ఆవిడే చెయ్యి చాపవచ్చు, చాపకపోవచ్చు. చాపకపోతే సాయంత్రం వద్దు, మర్నాడు ఉదయం మళ్లీ ప్రయత్నించండి.

## 10. వారిచేత కూడా ఇప్పించండి

ఎప్పుడూ పుచ్చుకునే స్థానంలోనే ఉండిపోవడం ఎవరికైనా చిన్నతనమే. పైగా పెట్టే చెయ్యి అలవాటు ఏళ్ల నాటిది, అది త్వరగా పోదు.

శ్రావణ శుక్రవారం నాడు ఒక పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్క, అరటిపండు, నానబెట్టిన శనగలు సర్ది, ఇరుగుపొరుగు ముత్తైదువలను ఒక్కొక్కరినే, అరగంట తేడాతో పిలవండి. పళ్లెం మీ భార్య చేతికందించండి. బొట్టుపెట్టే వేలు, కొంగులో వాయనం వేసే తీరు, "పుచ్చుకో అమ్మా" అన్న మాట చాలాసార్లు దానంతటదే వస్తాయి. రాకపోతే వచ్చినవారు తామే కొంగు పట్టి నిలబడితే చాలు, చెయ్యి కదులుతుంది. మాట కలవకపోయినా దిద్దవద్దని వచ్చేవారికి ముందే చెప్పండి.

ఆయనైతే ఉగాదినాడు పది రూపాయల కొత్త నోట్ల చిన్న కట్ట జేబులో పెట్టి, మనవలచేత ఒక్కొక్కరిగా దండం పెట్టించండి. కట్ట మీద ఆశ పెట్టుకోకండి, కొన్ని నోట్లు దిండు గలీబులో దొరుకుతాయి.

## 11. మంచం పట్టిన దశలో

ఇక్కడ వస్తువులు తగ్గుతాయి, మీ చేతులే ఎక్కువ పనిచేయాలి. ఇవ్వదగినవి కొన్నే:

- ఇద్దరి పాత చీరలు, పంచెలు కలిపి కుట్టించిన పలుచని బొంత. ముడులు, బటన్లు, గట్టి కుట్లు ఒంటికి తగిలే వైపు ఉండకూడదు, పుండ్లు పడతాయి. బరువు దుప్పట్లు వద్దు, తనంతట తాను తొలగించలేని బరువు ప్రమాదం.
- అలవాటైన నూనెతో అరచేతులు, పాదాలు నెమ్మదిగా రాయడం. ముందు మీ చేయి చూపించి, "చెయ్యి పట్టుకుంటున్నాను" అని చెప్పి మొదలుపెట్టండి.
- మీ గొంతుతో చదివిన స్తోత్రం, దువా, ప్రార్థన, లేదా ఊరికే మాట్లాడిన మాటల రికార్డు. మీరు వంటింట్లో ఉన్నప్పుడు మెల్లగా మోగుతుంది.

బొమ్మను బిడ్డలా ఒడిలో పెట్టుకుని శాంతించేవారున్నారు. కొందరు పిల్లలు అది చూడలేక తీసేయమంటారు. అది ఆమెకు ఊరటనిస్తోందా లేదా అన్నదే చూడాలని నా అభిప్రాయం. కాని చేతిలో పెట్టి బలవంతం చేయకుండా కుర్చీలో ఉంచండి, తీసుకుంటే తీసుకుంటారు.

## 12. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుకునే మార్గాలు

స్మార్ట్‌ఫోన్, ట్యాబ్లెట్ కొనివ్వడం. కొత్త పరికరం నేర్చుకోవడమే వారికి అన్నిటికన్నా కష్టం. కొని ఉంటే మీ దగ్గర పెట్టుకుని, పాటలకు, వీడియోలకు మీరే వాడండి.

వెయ్యి ముక్కల పజిల్, పదవినోదం పుస్తకం. "మెదడుకు మంచిది" అని తెస్తారు. పూర్తిచేయలేకపోతే ఓటమి మాత్రమే మిగులుతుంది. పెద్ద ముక్కలు, పెద్దవారికి తగిన బొమ్మ ఉన్న 12 ముక్కలది చూడండి.

అష్టాచెమ్మా, వామనగుంటలు ఇచ్చి వదిలేయడం. ఆటలు మంచివే, గవ్వలు, చింతగింజలు నోట్లోకి వెళతాయి. మీరు పక్కనున్నంతసేపే బయట పెట్టండి.

కానుకను తిరస్కరించినప్పుడు నొచ్చుకుని తీసి బీరువాలో పెట్టేయడం. వారం ఆగి, వేరే వేళ, వేరే చోట పెట్టండి. మూడోసారీ వద్దంటే అప్పుడు దానిని ఇంకెవరికైనా ఇవ్వండి.

కుండీ మొక్కలు ఎంచకుండా తేవడం. నీళ్లు పోసే పని చాలామందికి ఇష్టం. తులసి, పుదీనా తెండి. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు, ఇంట్లో ఉంటే తీసేయండి.

ప్రతి కానుకకూ ఇచ్చే ముందు ఈ ఐదూ సరిచూడండి:

- నోట్లో పట్టేంత చిన్న భాగం ఏదైనా ఊడి వస్తుందా?
- బిళ్ల బ్యాటరీ, అయస్కాంతం ఉన్నాయా? ఉంటే అసలు ఇవ్వకండి. మింగితే ఆహారనాళం, పేగులు దెబ్బతింటాయి.
- మంట, వేడి, పదును, గాజు ఉన్నాయా?
- తడిస్తే, ఉతికితే పాడవుతుందా?
- పోతే, విరిగితే మీరు కోప్పడతారా? కోప్పడే వస్తువైతే కొనకండి.

## 13. పిల్లలకు, బంధువులకు ముందే చెప్పండి

అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉన్న పిల్లలు ప్రేమకొద్దీ ఖరీదైనవి పంపుతారు, మీరు వాటిని సర్దలేక సతమతమవుతారు. పండుగకు నెలముందే ఒక చిన్న జాబితా పంపండి. మొహమాటపడకండి.

జాబితాలో పెట్టదగినవి: మెత్తని నూలు నైటీలు, ఫలానా సైజు జారని చెప్పులు, ఫలానా పాటలతో పెన్‌డ్రైవ్, ఫొటోపుస్తకం అచ్చు ఖర్చు, వారానికి రెండు పూటలు సహాయకురాలి జీతం. ఈ చివరిది మీకోసం అడగండి. మీరు రెండు గంటలు నిద్రపోయి లేస్తే, ఆ సాయంత్రం కండక్టరు సంచి ముందు కూర్చునే ఓపిక మీకుంటుంది.

దూరంగా ఉన్న మనవలను రెండు నిమిషాల వీడియో పంపమనండి. మొదటి వాక్యంలో తామెవరో చెప్పాలి: "తాతయ్యా, నేను మీ పెద్దమ్మాయి కొడుకుని." తరువాత ఒక్క విషయం, నెమ్మదిగా. ప్రశ్నలు వద్దు. వీడియో కాల్ కంటే ఇదే మేలు, ఎన్నిసార్లైనా పెట్టవచ్చు, జవాబు చెప్పాలన్న ఒత్తిడి ఉండదు.

చివరి పని మూడు నెలలకోసారి చేయాలి. ఇచ్చినవన్నీ బయటికి తీసి, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. నెలగా ముట్టుకోనివి అటక మీద పెట్టండి, కొన్నింటి మీద ఇష్టం మళ్లీ రావచ్చు. కష్టమవుతున్నవాటిని తేలిక చేయండి: నాలుగు రంగుల కట్టలను రెండు చేయండి, 15 పేజీల పుస్తకాన్ని ఆరు పేజీలకు తగ్గించండి. అరిగిన కుట్లు మళ్లీ వేయండి. ఆ మూడు నెలల్లో కొత్తగా కనిపించిన చేతి కదలికను, కొత్తగా వినిపించిన మాటను రాసుకోండి, తరువాతి కానుక అందులోంచే వస్తుంది.